కేంద్రకం కోసం ఊహించారు, అయస్కాంతంలో దొరికింది

ఓడరేవులకు ఆటుపోట్ల వేళలు ముందే లెక్కగట్టి చెప్పడానికి లార్డ్ కెల్విన్ పళ్లచక్రాలు, కప్పీలతో ఒక యంత్రం రూపొందించారు. ఆ పనిలో ఆయనకు తోడున్న ఎడ్వర్డ్ రాబర్ట్స్ మునిమనవడే భౌతికశాస్త్రవేత్త టోనీ స్కిర్మ్. అలాంటి యంత్రాన్ని స్కిర్మ్ చిన్నప్పుడే తాతగారింట చూశారు. పరమాణువులంటే, విశ్వమంతా నిండి ఉందని అప్పట్లో అనుకున్న ఈథర్‌లో తిరిగే సుడులేనని 1867లో కెల్విన్ అన్నారు. కాలక్రమేణా ఆ సిద్ధాంతం మూలపడింది, ఈథరే లేదని కూడా తేలింది. స్కిర్మ్‌ను మాత్రం ఆ ఊహ వదల్లేదు. ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఒక క్షేత్రంలో పడిన విడివడని మెలికలేనని 1960ల తొలినాళ్లలో ఆయన గణితంలో రాసి చూపారు.

ఇరవై ఏళ్లు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1980ల మొదట్లో సిరక్యూస్‌లో ఎ.పి. బాలచంద్రన్ బృందం, ప్రిన్స్‌టన్‌లో ఎడ్వర్డ్ విట్టెన్ దానికి మళ్లీ ప్రాణం పోశారు. 1987లో స్కిర్మ్ కన్నుమూశారు.

మరో రెండేళ్లకే, దొనెత్స్క్‌లో భౌతికశాస్త్రవేత్తలు బొగ్దానోవ్, యాబ్లోన్‌స్కీ అలాంటి మెలికలు కొన్ని అయస్కాంత స్ఫటికాల్లోనూ ఉండాలని లెక్కతేల్చారు. మామూలు ఇనుములో పక్కపక్క పరమాణువుల చిన్న అయస్కాంత బాణాలు, అంటే స్పిన్‌లు ఒకే దిక్కు చూస్తాయి. అద్దంలో ప్రతిబింబంతో సరిపోలని అమరిక ఉన్న స్ఫటికాల్లో మాత్రం జ్యాలోషిన్‌స్కీ-మోరియా ప్రభావం ఒక్కో స్పిన్‌ను పక్కదానికంటే కాస్త తిప్పుతుంది. అలా ఏర్పడే సుడి అంచున పైకి చూసే స్పిన్‌లు క్రమంగా తిరుగుతూ నడిమధ్యకు వచ్చేసరికి కిందికి చూస్తాయి. నెత్తిమీద సుడి ఎంత దువ్వినా పోనట్టే, స్పిన్‌లను కొద్దికొద్దిగా తిప్పుతూపోతే ఇదీ చెరగదు. అందుకే అది ఒక కణంలా మసలుతుంది. దాని పేరే స్కిర్మియాన్.

ఋజువుకు మరో ఇరవై ఏళ్లు పట్టింది. 2009లో మ్యూనిక్ దగ్గరి గార్షింగ్ రియాక్టర్‌లో, సుమారు మైనస్ 244 డిగ్రీల చలిలో, మాంగనీస్ సిలిసైడ్ మీదికి న్యూట్రాన్లను పంపితే ఆరు చుక్కల ముద్ర పడింది. సుడులు వరుసదీరి జాలకంగా అమరాయన్నమాట. మరుసటి ఏడాది జపాన్‌లో తొకురా బృందం మరో స్ఫటికంలో అలాంటి సుడులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో నేరుగా చూసింది. అక్కడ ఒక్కోటి సుమారు 90 నానోమీటర్లు.

ఆ తర్వాతి కథంతా ఈ సుడులతో సమాచారం దాచే కంప్యూటర్ మెమరీల చుట్టూ తిరిగింది. 2013లో హాంబర్గ్ శాస్త్రవేత్తలు ఒక్కో స్కిర్మియాన్‌ను విడివిడిగా రాసి, చెరిపి చూపారు. నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం ఈ పరికరాలు కాదు, ఋజువు లేకున్నా కాగితం మీద అన్నేళ్లు నిలిచిన ఆ లెక్క. ఇంజనీర్లకు చిక్కు ఇంకా మిగిలే ఉంది: విద్యుత్తుతో ముందుకు నెడితే స్కిర్మియాన్ పక్కకు ఒరుగుతుంది. ఎదురెదురు సుడులను జంటకట్టి దాన్ని తిన్నగా నడిపించాలని చూస్తున్నారు.