ఫొటోలో లేని పిల్లలు

ఫొటో దిగడమంటే ఒకప్పుడు దొరల సంగతి. హైదరాబాద్‌లో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కెమెరా ముందు కూర్చున్నది ఎక్కువగా నవాబులు, పెద్దింటివాళ్లే. 1908 నుంచి అమెరికాలో లూయిస్ హైన్ మిల్లుల్లో, గనుల్లో పనిచేసే పిల్లల ఫొటోలు తీశాడు. ఆ ముఖాలు జనాన్ని కదిలించాయి. చివరికి 1938లో వచ్చిన చట్టం పిల్లల చేత పని చేయించడానికి కళ్లెం వేసింది.

మిల్లుకైతే గేటుంది, పోయి చూడొచ్చు. ఇంట్లో మంచాన పడ్డవాళ్లకు సేవ చేసే పిల్లలు ఎవరికి కనిపిస్తారు? "బుద్ధిమంతురాలు" అని మెచ్చుకుని ఊరుకుంటాం.

నేనుండే టూంగాబీ సిడ్నీకి పడమర. ఈ దేశంలో 25 ఏళ్లలోపు అలాంటివాళ్లకు ఒక పేరుంది, యంగ్ కేరర్ అని. మిగతా పిల్లలకున్న హక్కులే వీళ్లకూ ఉండాలని 2010 నాటి కేరర్ల చట్టంలో రాశారు. 2022 సర్వేలో దేశం మొత్తం మీద 3,91,300 మంది తేలారు. ఇంగ్లీషు రాని నానమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, మందులు చూసుకునే పిల్లా యంగ్ కేరరే.

ఇప్పుడు మన ఊరి సంగతి. వీడియో కాల్‌లో అమ్మ కనిపిస్తుంది. ఆ ఫోన్ పట్టుకున్న చెయ్యి ఎవరిది? మన డబ్బుతో మందులొస్తాయి, రాత్రి లేచి వేసేది మాత్రం ఆ పిల్లే. ఈసారి ఫోన్ తనవైపు తిప్పమనండి. బడికి పోతున్నావా, నిద్ర సరిపోతోందా అని అడగండి. తనకిష్టమైతే ఒక మంచి ఫొటో తీయించండి, జాలి కోసం కాదు, ఇంటిని నిలబెట్టిన మనిషిగా.