కృష్ణమూర్తి అనే పేరు

రామసముద్రం వైపు ‘మూర్తన్నా’ అని పిలిస్తే పలికే మనిషి రామమూర్తో, నరసింహమూర్తో, కృష్ణమూర్తో కావచ్చు. మూర్తి సంస్కృత పదం. రూపం, ఆకారం, విగ్రహం అని అర్థాలు. దేవుడి పేరుకు తగిలిస్తే మనిషి పేరైంది. రాష్ట్ర సరిహద్దు దాటి కోలారు జిల్లాకు పోయినా ఇదే వరస.

వీటిలో కృష్ణమూర్తి పేరును దేశదేశాలకు చేర్చినవాడు పక్కనున్న మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. ఎనిమిదో సంతానం కనుక దేవకి ఎనిమిదో బిడ్డ పేరే పెట్టారు. 1918లో మచిలీపట్నంలో ఇంకొకాయన పుట్టాడు, ఉప్పలూరి గోపాల కృష్ణమూర్తి. ఇద్దరూ దివ్యజ్ఞాన సమాజంలో మసలినవాళ్లే, ఇద్దరూ అందులోంచి బయటపడ్డవాళ్లే. ఒకాయన 1986లో అమెరికాలో, ఇంకొకాయన 2007లో ఇటలీలో కన్నుమూశారు. మద్రాసులో ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు కూడా. పాఠకుడికి తికమక కాక ఏమవుతుంది! అందుకే ఒకరు జె.కె., ఒకరు యు.జి. అయ్యారు. తమాషా ఏమిటంటే, యు.జి.లో ఇంటిపేరుంది, గోపాలుడున్నాడు, కృష్ణమూర్తి మాత్రం లేడు. జె.కె. విషయంలో ఇంకో తిరకాసు. మనం పెట్టిన పేరు పడమటి గ్రంథాలయాల జాబితాల్లో ఇంటిపేరు చోట కూర్చుంది.

మదనపల్లెలోనే 1940లో పుట్టిన నర్తకి యామినీ కృష్ణమూర్తి సంగతి వేరు. అక్కడ కృష్ణమూర్తి అంటే తండ్రి. అసలు ఇంటిపేరు ముంగర, అది వేదిక ఎక్కనేలేదు.