కథకు డోలు, పాటకు కిక్రి

ఆకాశవాణి నాటకమున గుఱ్ఱపు డెక్కల చప్పుడు వినబడినపుడు అచ్చట గుఱ్ఱము లేదని శ్రోతలకు తెలియును. రెండు కొబ్బరి చిప్పలను తట్టినచో గుఱ్ఱము పరుగెత్తును. పలుచని రేకును ఊపినచో ఉఱుము ఉఱుమును. పళ్లెములో ఎండు బఠాణీలను దొర్లించినచో వాన కురియును. కిటుకు తెలిసియు మనము ఆ వానకు కిటికీ మూయబోవుదుము. చెవి ద్వారా కన్నునకు చూపించు ఈ విద్య రేడియోతోనే పుట్టినదని పలువురు తలంచుచుందురు. గోదావరికి ఇరుదరుల నున్న కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల కథకులను ఎఱిగినచో ఆ తలంపు నిలువదు. యంత్రము రాకమునుపే అచ్చట ధ్వని కథ చెప్పినది. ఎట్లు చెప్పినదో, అందు మనము నిలుపుకొనవలసినది ఏదో ఇచ్చట విచారింతము.

ముందుగా నదికి దక్షిణమున, కరీంనగరము సీమలో ప్రసిద్ధమైన ఒగ్గుకథను చూతము. ఒగ్గు అనగా శివుని డమరుకమును పోలిన చిన్న వాద్యము. దానిని చేతబట్టి కథ చెప్పువారు కురుమ, గొల్ల కులములవారు. వీరు వట్టి వినోదము కొఱకు పాడువారు కారు, పూజారులు కూడ. బియ్యపు పిండి, పసుపు, కుంకుమలతో నేలపై పట్నము వేసి మల్లన్న పెండ్లి జరిపించుట వారి విధి. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ వారి నోట తరతరములుగా నిలిచినవి. నేటి పెద్దపల్లి జిల్లాలోని ఓదెల, సిద్దిపేట జిల్లాలోని కొమురవెల్లి ఈ మల్లన్న కొలువునకు పేరుపొందిన క్షేత్రములు.

ఒగ్గుకథ జట్టులో కొద్దిమందియే ఉందురు. ప్రధాన కథకుని ప్రక్కన వంత పలుకు సహాయకుడు నిలుచును. మిగిలినవారు డోలు, తాషా, కంజీరా, తాళములు వాయింతురు. కాళ్ల గజ్జెలు అడుగునకొక తాళము వేయును. తెర లేదు, చిత్రించిన పటములు లేవు. ఊరి నడుమ నున్న ఖాళీ నేలయే రంగము. ఆ నేలను ఒకసారి కొలువుకూటముగను, మఱియొకసారి అడవిగను మార్చవలసినది గొంతును, వాద్యమును మాత్రమే.

ఇందు ధ్వని మూడు పనులు చేయును. మొదటిది పిలుపు. కథకు ముందు మ్రోగు డోలు ఊరివారిని రప్పించును. అంతకుమించి, సాయంకాలము వఱకు పశువులు నడచిన బాట ఇక దేవుని కథకు నెలవైనదని తెలుపును. రెండవది పాత్రలను వేఱుచేయుట. ఒకే మనిషి తల్లిగను, కొడుకుగను, శత్రువుగను పలుకవలెను. భుజముమీది కండువా తలపైకి వచ్చినచో ఆయన తల్లి. గొంతు సన్నగిల్లును, మాట సాగును. అదే కండువా నడుమునకు బిగిసినచో వీరుడు. మాట తెగి తెగి వచ్చును, మాటమాటకు డోలు దెబ్బ పడును. సహాయకుడు ‘ఊ’ కొట్టును, అడ్డుప్రశ్న వేయును, నవ్వించును. వాని మూలముననే ఒక్క గొంతు సంభాషణ యగును. మూడవది మౌనము. శోకఘట్టమున డోలు వెనుకకు తగ్గును. గొంతు ఒంటరిగా ముందుకు వచ్చును. అంతవఱకు ఎడతెగక మ్రోగినందుననే ఆ ఆగుట గుండెకు తగులును.

శ్రోతలకు ఈ కథలు క్రొత్తవి కావని గుర్తుంచుకొనవలెను. బీరప్ప కామరాతిని పెండ్లాడునని ముందే ఎఱిగినవారే వచ్చి కూర్చుందురు. తరువాత ఏమగునో యన్న ఆతురత వారిని మేలుకొలుపదు. ఎఱిగిన సంగతియే మరల తమ యెదుట జరుగుచున్నదన్న అనుభవము మేలుకొలుపును. ఆ అనుభవమును కలిగించుటయే ధ్వని పని. కనుక ఒగ్గుకథలో డోలు కథపై పూసిన రంగు కాదు. కథలో ఒక పాత్ర.

ఈ విద్యకు పేరు తెచ్చిన వారిలో మిద్దె రాములు ఒకరు. వేములవాడ చేరువనున్న హన్మాజీపేట ఆయన ఊరు. 1990లో మారిషసు దేశమున జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలలో ఆయన ఒగ్గుకథ వినిపించెను, 2010లో కన్నుమూసెను. జ్ఞానపీఠ పురస్కారము నందిన సి. నారాయణరెడ్డి 1931లో జన్మించినదియు ఈ హన్మాజీపేటలోనే. బాల్యమున హరికథలు, జంగంకథలు, జానపద గేయములు ఆయనను ఆకర్షించినవి. ఒక చిన్న పల్లె ఒక కథకుని, ఒక మహాకవిని కన్నది. రాత్రివేళ కథలు విన్న చెవి ఊరక పోదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము అక్కఱలేదు.

ఇక గోదావరి దాటి ఆదిలాబాదు కొండలకు పోదము. అచ్చటి రాజగోండుల వంశకథలను, దేవతల కథలను పాడువారు పర్ధానులు. వారి ముఖ్యవాద్యము కిక్రి. కమానుతో వాయించు తంత్రీవాద్యము. ఇంట మరాఠీ మాటలాడు పర్ధానులు గోండుల గాథలను గోండీలో పాడుదురు. ఒక్కొక్క పర్ధాను కుటుంబమునకు వంశపారంపర్యముగా గోండు పోషక కుటుంబములుండును. పాటకు ప్రతిఫలము ఆ యిండ్లనుండి వచ్చును. ఆస్ట్రియాలో జన్మించిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940ల దశకమున మార్లవాయి గ్రామమున నివసించి ఈ గాథలను, కర్మకాండను వ్రాసికొనెను. రాజగోండులపై ఆయన ఇంగ్లీషున వ్రాసిన గ్రంథము 1948లో వెలువడినది.

ఒగ్గుడోలునకు కిక్రికి నడుమ గల భేదము గమనింపదగినది. కిక్రి గుఱ్ఱమును, యుద్ధమును అనుకరింపబోదు. అది గాయకుని గొంతు వెంట నడచును. గాయకుడు ఊపిరి తీసికొనునపుడు కథను జాఱిపోనీయక పట్టియుంచును. డోలు కథను కదలించును; కిక్రి కథను నిలుపును. గోండుల కులదైవమైన పెర్స పేన్ ఉత్సవమున పర్ధాను పాడకున్న కర్మ నిండదు. వంశము ఎచ్చటినుండి వచ్చినదో, దైవము ఎట్లు లభించినదో ఆ గొంతున వినవలసినదే. పుష్యమాసపు అమావాస్యనాడు మెస్రం వంశమువారు కేస్లాపూరులో జరుపు నాగోబా జాతరలోను పర్ధానుల వాద్యములు మ్రోగును. ఇచ్చట ధ్వని ఒక జాతికి చరిత్రగ్రంథము.

ఇట్టి సీమకు రేడియో వచ్చినది. 1935 నుండి నిజాము ప్రభుత్వము నడపిన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసెను. 1986లో ఆదిలాబాదునకే ఒక కేంద్రము లభించినది. రేడియో ఈ కళలకు ఎన్నడెఱుగని శ్రోతలనిచ్చినది. ఐనను ఒక మూల్యమును అడిగినది. తెల్లవాఱువఱకు సాగు కథ అరగంటలో ఒదుగవలెను. అంతకంటె పెద్ద మార్పు, ఎదుటివారి ‘ఊ’ కథకునకు వినబడదు. జనము నిద్రకు తూగుచున్నదా, కంటతడి పెట్టుచున్నదా యని చూచి డోలును హెచ్చించుటకును తగ్గించుటకును వీలులేదు.

రేడియో తన బలమును వేఱొకచోట వెదకికొన్నది. 1924 జనవరి 15న లండనులో బి.బి.సి. రిచర్డు హ్యూస్ అను రచయిత నాటకమును ప్రసారము చేసెను. రేడియో కొఱకే వ్రాయబడిన తొలి నాటకములలో అది పేరొందినది. వేల్సు దేశపు బొగ్గుగనిలో దీపము లాఱిపోగా చిక్కుకొన్నవారి కథ అది. పాత్రలును చీకటిలోనే, శ్రోతలును చీకటిలోనే. బెల్లంపల్లి, గోదావరిఖని గనికార్మికుల కుటుంబములకు ఆ చీకటి ఎట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. కన్ను పనిచేయని చోట చెవి ఎంత పనిచేయునో ఆ నాటకము చూపెను.

ఇటీవలి కాలమున ఈ విద్య మఱియొక తావున తలయెత్తినది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను వెలువరించిరి. కొందఱు బల్లచుట్టు కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను వహించి, పాచికలు వేయుచు కథను నడుపుకొందురు. ఒకరు సూత్రధారి. రాజును, రాక్షసుడును, పూటకూళ్లమ్మయు ఆయన గొంతునుండియే రావలెను. తుపాను, యుద్ధము, పాడుగుడి కొఱకు ముద్రిత ధ్వనులను వినిపించువారును ఉన్నారు. అట్టివారికి ఒగ్గుకథకుని వద్ద నేర్వదగినది కలదు. చప్పుడు ఎడతెగక సాగినచో చెవి దానిని మఱచును. పాత్రకొక గొంతు కంటె పాత్రకొక నడక ముఖ్యము. ఒకరు సాగదీసి పలుకుట, మఱియొకరు తెంచి పలుకుట చాలును. అన్నిటికంటె మిన్నగా, ధ్వని ఎదుటివారి మొగము చూచి పుట్టవలెను. ముద్రిత ధ్వనికి మొగములు కనబడవు.

పోషకునిపై ఆధారపడిన విద్య పోషకుడు తొలగినచో నిలువదు. పర్ధాను కుమారుడు కిక్రి పట్టకపోవుటకు కిక్రిపై అయిష్టమే కారణము కానక్కఱలేదు. కూలియో, కొలువో కడుపు నింపగా, పాట నింపకపోవుట చాలును. అట్టి యింట వాద్యము మూలబడినచో పోవునది రాగము మాత్రమే కాదు. ఒక వంశము తన్ను గూర్చి తాను ఎఱిగిన కథ. కనుక ఈ కథలను భద్రపఱచువారు అరగంట తునుకలను మాత్రమే గాక, రాత్రి యంతయు, శ్రోతల ‘ఊ’తో సహా ముద్రించవలెనని మేము కోరుచున్నాము. ముద్రించుటతో సరిపెట్టుకొనక, కథకుని పిలిచి, తగిన సంభావన యిచ్చి, పిల్లలను ముందు వరుసలో కూర్చుండబెట్టవలెను. ముద్రించిన కథ వినుటకు పనికివచ్చును. ‘ఊ’ కొట్టు మనిషి యెదుట నుండినచో కథ తరువాతి తరమునకు సాగును.