సరస్సుల అడుగున వానల చరిత్ర

రాజుల చరిత్రను శాసనములు చెప్పును. నాలుగైదువేల యేండ్లనాడు ఒక సీమలో వానలు కురిసినవో లేదో చెప్పు శాసనములు లేవు. ఆ సంగతి తెలిసికొనుటకు సరస్సుల అడుగున పేరుకొన్న మట్టియే ఆధారము.

రాజస్థానమందలి థార్ ఎడారిలోను, దాని అంచున​ను సాంభర్, డీడ్వానా, లూణ్‌కరణ్‌సర్ అను ఉప్పుసరస్సులు గలవు. నీరు నిండియున్నప్పుడు సన్నని ఒండ్రు పొరలుపొరలుగా దిగును. నీరు ఇగిరినప్పుడు ఉప్పును, జిప్సమును గడ్డకట్టును. పరిసరముల చెట్లనుండియు, గడ్డినుండియు గాలికెగిరిన పుప్పొడి ఆ పొరలలో చిక్కి చెడక నిలుచును. శాస్త్రజ్ఞులు ఈ పొరలను వరుస తప్పకుండ వెలికితీసి, వానిలోని కార్బన్‌ను బట్టి వయస్సు నిర్ణయింతురు.

ఈ సరస్సుల పుప్పొడిని పరిశీలించిన గుర్దీప్ సింగ్, వానలు మెండుగానున్న కాలమున సింధు నాగరికత వర్ధిల్లెననియు, అవి తగ్గగా క్షీణించెననియు 1971లో ప్రతిపాదించెను. ఆ వాదము చక్కగా అతికినట్లు కనబడినది. కాని 1999లో ప్రకటితమైన లూణ్‌కరణ్‌సర్ పరిశోధన వేరొక సంగతి తెలిపెను. ఆ సరస్సు సుమారు 5500 ఏండ్ల క్రిందటనే పూర్తిగా ఎండిపోయినది. హరప్పా మహానగరములు వెలసినది క్రీస్తుపూర్వము 2600 ప్రాంతమున, అనగా దాదాపు వేయి యేండ్ల తరువాత. ఎడారి ఎండిన పిదపనే ఆ నగరములు పెరిగినవన్నమాట.

మరి వాని క్షీణత మాటేమి? హర్యానాలోని కోట్లా డహర్ అను ప్రాచీన సరస్సున దొరికిన నత్తగుల్లలను పరీక్షించి, సుమారు 4100 ఏండ్ల క్రిందట ఋతుపవనములు హఠాత్తుగా బలహీనపడెనని 2014లో తేల్చిరి. నీరు ఆవిరియగుకొలది బరువైన ఆక్సిజన్ మిగిలి గుల్లలో చేరుటయే దీనికి గుర్తు. గోదావరి సాగరసంగమమునకు ఎదుట సముద్రగర్భమునుండి తీసిన మట్టియు, సుమారు 4000 ఏండ్లనుండి ఆ నదీతీరభూములలో ఎండకోర్చు మొక్కలు హెచ్చెనని తెలుపుచున్నది. ఇది 2012లో ప్రకటితము.

కాలము కలిసినంతమాత్రమున కారణము రుజువు కాదు. నగరములు పాడుపడినను జనులు నశింపలేదు. తూర్పుదిక్కున చిన్నచిన్న గ్రామములు హెచ్చినవి. వానలు మారినప్పుడు మనుష్యులు పంటను మార్చిరి, ఊరిని మార్చిరి, బ్రదుకు నిలుపుకొనిరి. తాతలనాడు ఊరు విడిచి అన్యప్రాంతమున వేళ్లూనిన కుటుంబములకు ఈ చరిత్ర పరాయిది కాదు.