వాచకంలోకెక్కిన ఊరు

చాలాకాలంగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన టపా ఇది. నెల్లూరు జిల్లా సారా వ్యతిరేకోద్యమం అనగానే మనలో చాలామందికి చీపుర్లు పట్టుకుని నిలబడిన ఆడవాళ్ళ ఛాయాచిత్రం గుర్తుకు వస్తుంది. ఆ చిత్రం అబద్ధం కాదు. అయితే ఆ చీపురు వెనక ఒక వాచకపుస్తకం ఉన్నదనీ, ఆ స్త్రీలు తాగుబోతు మొగుళ్ళ బాధ పడలేక మాత్రమే కాక, ఎదుగుతున్న కొడుకులు కూడా ఆ దారినే పోతారన్న భయంతో వీధికెక్కారనీ అంతగా ఎవరూ చెప్పుకోరు. రెండో మాట నేను ఏ పుస్తకంలోనూ చదివి చెబుతున్నది కాదు, మా ఊళ్ళో చూసి చెబుతున్నది.

మాది కలిగిరి చుట్టుపక్కల మెట్టప్రాంతం. వాన పడితే పంట, లేకుంటే కూలి. నేను హైస్కూల్లో చదివే రోజులకు సారా సీసాల్లోంచి ప్యాకెట్లలోకి మారిపోయింది. 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం 'వారుణి వాహిని' పేరిట ప్రవేశపెట్టిన ఏర్పాటు అది. సంచిలో వేసుకుని పొలం గట్టుకైనా ఇంటి గుమ్మానికైనా తెచ్చి ఇవ్వగలిగిన సరుకయ్యింది సారా. అంతకుముందు తాగాలంటే అంగడికి పోవాలి, పదిమందీ చూస్తారు. ప్యాకెట్టు వచ్చాక ఆ సిగ్గు పోయింది. ఇంకో సంగతి కూడా జరిగింది. ప్యాకెట్టు తెమ్మని తండ్రులు పిల్లలను పంపడం మొదలుపెట్టారు. చిల్లర చేతిలో ఉంటే అంగడివాడు వయసు అడిగేవాడు కాదు. నా బెంచీలో కూర్చునే ఒకడు తండ్రి పారేసిన ప్యాకెట్ల మూలల్లో మిగిలిన చుక్కలు పీల్చి మాకు గొప్పగా చెప్పేవాడు. పదో తరగతికి వచ్చేసరికి తనకోసం తానే కొనుక్కునేవాడు.

దీన్ని వ్యక్తుల బలహీనతగా కొట్టిపారేయకుండా చూడాలంటే వేలంపాట ఎలా జరిగేదో తెలియాలి. ఒక ప్రాంతంలో సారా అమ్మే హక్కును ప్రభుత్వం ఏటా వేలం వేసేది. ఎక్కువ పాడినవాడికి హక్కు. పాడిన సొమ్ము రాబట్టుకోవాలంటే ఎక్కువ అమ్మాలి. కొత్తగా తాగేవాళ్ళు పుట్టుకురాకపోతే ఎక్కువ అమ్మడం ఎట్లా కుదురుతుంది? అరువులూ, ఇంటింటి సరఫరా, ఊరూరా అంగళ్ళూ అన్నీ ఆ లెక్కలోంచి వచ్చినవే. 1970-71లో 39 కోట్లుగా ఉన్న రాష్ట్ర ఎక్సైజు రాబడి 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. కూలివాడి జేబులోంచి రాలిన రూపాయే ఖజానాలో పడి, సంక్షేమ పథకంగా మారి, మళ్ళీ అతని ఇంటికే దానంగా వచ్చేది! ఇంతకు మించిన వెటకారాన్ని ఏ కథకుడూ కల్పించలేడు.

1991లో జిల్లాలో 'అక్షరదీపం' సాక్షరతా కార్యక్రమం వచ్చింది. జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలూ, టీచర్లూ, చదువుకున్న కుర్రాళ్ళూ వాలంటీర్లుగా చేరారు. కళాజాతాలు ఊరూరా తిరిగాయి. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి లాంతరు ముందు కూర్చుని గుండ్రంగా 'ర' రాసేవాళ్ళు. మా ఊళ్ళో బడి వరండాయే రాత్రిబడి. వాచకంలో 'సీతమ్మ కథ' అని తాగుడు గురించిన పాఠం ఒకటి ఉండేది. ఆ పాఠం వచ్చిన రాత్రి అక్షరాలు సాగేవి కావు. ఎవరో ఒకరు తమ ఇంటి సంగతి ఎత్తుకునేవాళ్ళు, మరొకరు అందుకునేవాళ్ళు. ఇన్నేళ్ళుగా గోడల మధ్య ఎవరికి వారే ఏడ్చుకున్న విషయం నలుగురి మధ్యకు వచ్చింది. నా దృష్టిలో ఉద్యమం మొదలైంది అక్కడే.

దూబగుంట ఆడవాళ్ళు వర్ధినేని రోశమ్మ ముందు నిలవగా తమ ఊరి సారా అంగడిని మూయించారు. ఆ కథ తరువాతి వాచకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమయ్యింది. ఆలోచించి చూడండి. సర్కారువారి సొమ్ముతో అచ్చైన పుస్తకం సర్కారువారి అంగడి ఎలా మూయించాలో నేర్పింది! చదవడం అప్పుడప్పుడే వచ్చినవాళ్ళు వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివిన మొదటి కథల్లో అది ఒకటి. దూబగుంటలో అయిన పని మన ఊళ్ళో ఎందుకు కాదన్నారు. 1992లో నెల్లూరు జిల్లా ఊళ్ళు ఒకదాని తరువాత ఒకటి లేచాయి. సారా జీపులను అడ్డగించారు, ప్యాకెట్లను కుప్పపోసి కాల్చారు, తాగి వచ్చినవాళ్ళకు జరిమానాలు వేశారు. కొన్నిచోట్ల గుండ్లు గీయించారు కూడా. ఈ చివరి పనిని నేను మెచ్చుకోలేను, కానీ ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్నవాళ్ళకు న్యాయాన్యాయాలు బోధించే అర్హత నాకున్నదనీ అనుకోను. మహిళా సంఘాలూ, స్వచ్ఛంద సంస్థలూ, వామపక్షాలూ, ప్రతిపక్షాలూ అన్నీ ఒక్కచోటికి వచ్చాయి. పేరు ఎవరికి దక్కాలన్న తగువులు తరువాత కావలసినన్ని నడిచాయి, వాటి జోలికి పోను.

జిల్లాలో సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోనూ, ఆ ఏడాదే అక్టోబరు 1న రాష్ట్రమంతటా కోట్ల విజయభాస్కర రెడ్డి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994 డిసెంబరులో మళ్ళీ గద్దెనెక్కిన రామారావు సంపూర్ణ మద్యనిషేధం ఫైలుపై సంతకం చేశారు. ప్యాకెట్టును ఇంటికి పంపిన చేయీ అదే, తలుపు మూసిన చేయీ అదే. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తివేసింది.

దొంగసారా, పొరుగు రాష్ట్రాల సరుకు, ఖాళీ ఖజానా. నిషేధం నిలవకపోవడానికి అందరూ చెప్పే కారణాలివి, నిజమే కావచ్చు. మా ఊళ్ళో మాత్రం నేను చూసింది మరొకటి. చట్టం రాగానే కాపలా ఎక్సైజు పోలీసుల పనయ్యింది. సాయంత్రం కాగానే ఊరి మొగదల కూర్చునే ఆడవాళ్ళు మెల్లగా ఇళ్ళకు పోయారు. వాళ్ళ ఐకమత్యం వృథా పోలేదు, రోజుకో రూపాయి దాచుకునే 'పొదుపు లక్ష్మి' సంఘాలుగా మారింది. కానీ ఆ సంఘాల సమావేశాల్లో కిస్తుల మాటే తప్ప, పిల్లలు ఎక్కడ తిరుగుతున్నారన్న మాట రావడం తగ్గిపోయింది. నా బెంచీ నేస్తం అంగడి మూసిన తరువాత కొన్నాళ్ళు కుదుటపడ్డాడు. బ్రాందీ షాపులు మళ్ళీ తెరిచాక పాత దారి పట్టి, ముప్పై ఏళ్ళు దాటకముందే పోయాడు. వాళ్ళమ్మ మా ఊరి ఉద్యమంలో మొదటి వరుసలో నడిచిన మనిషి.

రోశమ్మ గారు 2016లో కన్నుమూశారు. ఆ వార్త చూసి ఊరికి పోయినప్పుడు ఆమెను పలకరించాను. పాత సంగతులు చెబుతూ నవ్వింది. ఆ తరువాత మొన్న సంక్రాంతికి మళ్ళీ కలిశాను. మన్యంలో పోలీసులు 2021లో 'ఆపరేషన్ పరివర్తన' పేరిట వేల ఎకరాల గంజాయి తోటలు నరికించిన సంగతి నేను చెబితే, అంత దూరాన పండేది మన కుర్రోళ్ళ దాకా ఎట్టా వస్తుందని అడిగింది. దానికి అంగడి లేదు, వేలంపాట లేదు, అడ్డగించడానికి జీపు లేదు. పట్నంలో చదువుతున్న మనవడు పండక్కి వచ్చి రెండు రోజులుగా గదిలోంచి బయటికి రావడం లేదట. ఆమె గొంతు తగ్గించి, "సారా అయితే వాడు వాకిట్లోకి రాకముందే తెలిసిపోయేది. ఆ గంజాయి వాసన ఎట్టుంటాదబ్బయ్యా?" అని అడిగింది.

చెప్పడానికి నాకూ తెలియదు. ఇద్దరం ఆ మూసిన తలుపు వంక చూస్తూ కూర్చున్నాం.