పాత ఇంగ్లీషు పదాలలో తెలుగు జాడలు: తాండూరు–వికారాబాదు వ్యవహార సాక్ష్యం

2022 డిసెంబరులో తాండూరు కందులకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. నమోదైన పేరు ‘తాండూర్ రెడ్‌గ్రామ్’. ఇంగ్లీషుగా కనిపించే ఈ పేరులోని ‘గ్రామ్’ పోర్చుగీసు ‘గ్రాఁవ్’ నుండి వచ్చింది. దాని మూలం గింజ అనే అర్థం గల లాటిను ‘గ్రానుమ్’. తూకపు కొలత అయిన ‘గ్రాము’కు గ్రీకు మూలం వేరు, రెండూ ఒకే రూపానికి చేరటం యాదృచ్ఛికం. తొలినాళ్ళలో ఈ దేశంలోని ఇంగ్లీషువారు గుర్రాలకు పెట్టే దాణా గింజలనే ప్రధానంగా ‘గ్రామ్’ అన్నారు. ఉత్తరాన అది శనగ, మద్రాసు ప్రాంతంలో ఉలవ. తరువాత దానికే రంగును, దేశాన్ని, గుర్రాన్ని విశేషణాలుగా చేర్చి తక్కిన పప్పుధాన్యాలకు పేర్లు కల్పించుకున్నారు. కంది, పెసర, మినుము, శనగ, ఉలవ అని తెలుగు అయిదు వేర్వేరు పదాలతో చెప్పే చోట ఇంగ్లీషుకు మిగిలింది ఒక్క ఎరువు పదం.

ఇటువంటి పదాల సేకరణలో హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్‌ల ‘హాబ్సన్–జాబ్సన్’ (1886) నేటికీ ప్రామాణికం. విలియం క్రూక్ దానిని 1903లో పరిష్కరించి పునర్ముద్రించాడు. అయితే ఇంగ్లీషువారికి తెలుగు పరిచయం ప్రధానంగా మచిలీపట్నం, మద్రాసు తీరాల మీదుగా కలిగింది. భాషకు వారు పెట్టిన పేరే అందుకు సాక్ష్యం. అన్యమతస్థుడు అనే అర్థం గల పోర్చుగీసు ‘జెంటియు’ నుండి ‘జెంటూ’ పుట్టింది. హాల్‌హెడ్ 1776లో ప్రకటించిన ‘జెంటూ’ ధర్మశాస్త్రంలో ఆ మాటకు హిందువులందరూ అని అర్థం. మద్రాసులో అదే మాట తెలుగువారికీ వారి భాషకూ పరిమితమైంది. ఎ.డి. క్యాంబెల్ 1816 నాటి తన వ్యాకరణానికి తెలుగు పేరునే పెట్టినా, సామాన్యంగా జెంటూ అని పిలిచే భాష అని శీర్షికలోనే చేర్చవలసి వచ్చింది. ఆ మరుసటి ఏడు వెలువడిన విలియం బ్రౌన్ వ్యాకరణం జెంటూ పేరుతోనే వచ్చింది.

నిజాం రాజ్యంలోని తాండూరు, వికారాబాదులు ఈ తీరపు మార్గానికి దూరం. ఈ పదాలు అక్కడినుండి ఇంగ్లీషులోకి వెళ్ళాయనటానికి ఆధారం లేదు. అయినా కన్నడ సీమను ఆనుకొని ఉన్న ఈ ప్రాంతపు వ్యవహారం వ్యుత్పత్తి నిర్ణయంలో ఒక సాక్షిగా పనికివస్తుంది.

నాపరాళ్ళకు పేరుపడిన తాండూరు నేల సున్నపురాతి నేల. పాత ఇంగ్లీషులో సున్నాన్ని ‘చునామ్’ అనేవారు. పాలరాతివలె నిగనిగలాడే మద్రాసు గచ్చుకూ అదే పేరు. సంస్కృత ‘చూర్ణం’ తమిళంలో ‘చుణ్ణం’గా, తెలుగులో ‘సున్నం’గా నిలిచింది. పదాది చకారాన్ని బట్టి ఇంగ్లీషు రూపానికి తెలుగు మూలం కాజాలదు. ‘బ్యాండీ’ విషయంలో ఫలితం తారుమారవుతుంది. ఎడ్లబండి అనే అర్థంలో వాడిన ఈ పదానికి హాబ్సన్–జాబ్సన్ తమిళ ‘వణ్డి’ని ముందు చెప్పి, తెలుగు ‘బండి’ని ఆ తరువాత చెప్పింది. తమిళంలో ఇక్కడ పదాదిని వకారమే ఉంది. ఇంగ్లీషు బకారానికి దగ్గరిది తెలుగు రూపమే. కాని తాండూరు సరిహద్దు ఇక్కడ ఒక హెచ్చరిక చేస్తుంది: అవతలి కన్నడంలోనూ అది ‘బండి’యే. కాబట్టి ధ్వని ఆధారంతో తమిళాన్ని పక్కన పెట్టవచ్చు గాని, తెలుగును ఏకైక మూలంగా స్థాపించటం కుదరదు. మన పక్షాన తేలికగా తీర్పు చెప్పుకొనే అలవాటు వ్యుత్పత్తి చర్చలకు మేలు చేయలేదు.

అటువంటి సందిగ్ధం లేని పదం ‘బ్యాండికూట్’. దీనికి మూలం తెలుగు ‘పందికొక్కు’ అని హాబ్సన్–జాబ్సన్ స్పష్టంగానే చెప్పింది. ఇరుగుపొరుగు భాషలు ఆ నిర్ణయాన్ని బలపరుస్తాయి. ఆ జంతువు తమిళంలో ‘పెరుచ్చాళి’, కన్నడంలో ‘హెగ్గణ’. తాండూరు దాటి పడమటికి పోతే ధాన్యపు గాదెలను తవ్వే జీవి అదే అయినా పేరు మారిపోతుంది. ఇంగ్లీషులో పదాది పరుషం సరళమై పకారం బకారమైంది. చివరి ‘కొక్కు’ మాత్రం ‘కూట్’ కావటానికి ధ్వనిసూత్రమేదీ చాలదు. ఇంగ్లీషులో ‘కూట్’ ఒక నీటిపక్షి పేరు. తెలియని మాటను తెలిసిన మాటవైపు లాగే లోకనిరుక్తి ఇక్కడ పనిచేసి ఉండవచ్చు.

బ్యాండీ, చునామ్ నేటి ఇంగ్లీషులో చాలావరకు నిఘంటువులకే పరిమితమయ్యాయి. పందికొక్కు మాత్రం శాస్త్రంలోకి కూడా ప్రవేశించింది: గ్రే 1873లో దాని ప్రజాతికి ‘బ్యాండికోటా’ అని పేరు పెట్టాడు. అంతకుముందే, 18వ శతాబ్ది చివరికే, ఆస్ట్రేలియాలోని ఒక సంచిజంతువుకు పోలికను బట్టి ఈ పేరు సంక్రమించింది. ఆ జంతువుకు ఎలుకజాతితో సంబంధం లేదు. అక్కడి ఇంగ్లీషులో అది క్రియ కూడా అయింది: పైమొక్కను కదపకుండా కిందినుండి బంగాళాదుంపలను మాత్రం తవ్వి తీసుకుపోవటాన్ని ‘బ్యాండికూట్’ చేయటం అంటారు. గాదె కింద కన్నం వేసే జీవి పేరుకు ఈ అర్థం ఎంత సహజమో తెలుగు రైతుకు వివరించనక్కరలేదు.