చంద్రగిరి వాకిట పోర్చుగీసు పలుకు

తిరుపతినుండి పడమరగా పోయి చంద్రగిరి రాజమహలు ముంగిట నిలిచినవానికి, ఈ గోడల నడుమ తెలుగును, సంస్కృతమును, అరవమును మ్రోగియుండునన్న తలంపు సహజముగా కలుగునే గాని, 1598లో మైలాపూరు శాంతోమునుండి సిమోన్ ద సా అను జెస్యూట్ పాదిరి అరవీటి వేంకటపతిరాయల కొలువునకు వచ్చి చర్చి కట్టుకొనుటకు అనుజ్ఞ పొందెననియు, ఆ పిమ్మట కొన్నియేండ్లు పోర్చుగీసు మాట ఇచ్చట వినవచ్చెననియు స్ఫురింపదు. ఎవని ప్రతిమ తిరుమల కోవెలలో నేటికిని నిలిచియున్నదో ఆ రాయలే ఈ పాదిరులను ఆదరించెను. దీనిని కేవలము మతసహనమనుట పొరపాటు. కడలి ఎవరి చేతనున్నదో ఆ రాజు ఎరుగును.

1614లో రాయలు గతించినంతనే సింహాసనమునకై జరిగిన ఘోరమును మనకు కన్నులకు కట్టినట్లు తెలిపినది మనుయేల్ బరాదాస్ అను పాదిరి 1616 డిసెంబరులో కొచ్చినుండి వ్రాసిన లేఖ. చెరలోనున్న రాజకుమారుని, సామంతుడైన వెలుగోటి యాచమనాయకుడు ఒక చాకలివాని సాయమున, మాసిన బట్టల మూటలో వెలికి తెప్పించిన ముచ్చట అందున్నది. ఆ చాకలి పేరేమో పాదిరి వ్రాయలేదు. పెద్దల చరిత్రలలో ఇది మామూలే.

ఈ లేఖను గాని, అంతకు ముందు విజయనగరమును చూచిన పోర్చుగీసువారు పేస్, న్యూనిజుల వృత్తాంతములను గాని మనము చదువునది 1900లో సూయెల్ దొర చేసిన ఇంగ్లీషులోనే. ఆ వృత్తాంతముల మూలమును 1897లో లిస్బనులో దావిద్ లోపెష్ అచ్చువేసెను. కృష్ణదేవరాయల వైభవమును గూర్చి పరీక్షలో న్యూనిజును ఉదాహరించు విద్యార్థి ఆతని వాక్యమొక్కటైనను ఎరుగడు. అయినను ఆతని చొక్కాకున్న బొత్తాము, ఆ బొత్తాము దూరు కాజా, దానిమీది ఇస్త్రీ, ఈ మూడు మాటలును పోర్చుగీసు ఓడలలో వచ్చినవే. ఇల్లు కట్టు మేస్త్రీయు, అప్పు తీరనినాడు ఆ ఇంటికి వచ్చు వేలమును అంతే.

గోవా విశ్వవిద్యాలయమున పోర్చుగీసు శాఖ కలదు; పోర్చుగల్ దేశపు కామోయిష్ సంస్థ దానికి చేయూతనిచ్చుచున్నది. గోవాకు నాలుగున్నర శతాబ్దముల పాలన మిగిల్చిన అవసరమది. మన అవసరము వేరు: మన రాజుల కథ పోర్చుగీసువారి కాగితములలో నున్నది. 1954లో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు చంద్రగిరి కూతవేటు దూరము. చరిత్రశాఖ చెంతనే ఒక్క పోర్చుగీసు అధ్యాపకుని నియమించి, ఏటేట ఇద్దరు పరిశోధకులను లిస్బను దస్త్రముల యొద్దకు పంపవలసినదిగా ఆ విశ్వవిద్యాలయపు పెద్దలకు మనవి.